ఇరవైమూడు పళ్లు

ఆగస్టు 19, సోమవారం

ముందు గదిలో కూర్చునే ఉద్యోగం నాకే ఇస్తానంది మా మేనేజరు మిసెస్ వాట్లీ. ఇస్తాను అనలేదులే, 'నీ పేరే అనుకుంటున్నాను' అంది. రెండూ ఒకటే.

పదకొండేళ్లుగా ఈ వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతుకుతున్నాను. కిటికీ లేని గది, ఎప్పుడు ఏ షిఫ్టు వేస్తారో తెలియదు, బీమా లేదు. ముందు గది అమ్మాయి ఆదివారాలు రాకపోతే మాత్రం నన్ను పైకి పిలిచి ఫోన్లు ఎత్తమనేవాళ్లు. లూయీవిల్ నుంచి ఒకావిడ వాళ్ల నాన్న గురించి ఫోన్ చేస్తుంటుంది. ఆదివారం ఫోన్ ఎత్తే అమ్మాయి గొంతు వింటే నాన్న క్షేమంగా ఉన్నాడనిపిస్తుందని ఆవిడ మిసెస్ వాట్లీతో చెప్పిందట. ఆ మాట వింటూ నేను దుప్పటి మడత పెడుతూనే ఉన్నాను. మడత పెట్టినదాన్నే విప్పి మళ్లీ పెట్టాను.

పగటి పని, కూర్చుని చేసే పని. మా పిల్ల టెస్సా బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉంటాను. నాకూ దానికీ ఇద్దరికీ బీమా. అక్టోబరు ఒకటిన చేరాలి. దానికి వారం ముందు కంపెనీ నుంచి ఒకావిడ వచ్చి నాతో ఊరికే మాట్లాడుతుందట. చేరిన రోజు ఫోటో తీసి గోడ మీద పెడతారు. ముందు గది గోడ మీద అందరి ఫోటోలూ ఉన్నాయి, అందరూ నవ్వుతూ ఉంటారు.

దాని సంగతి తర్వాత చూద్దాం.

ఆగస్టు 20

ఇవాళే చూశాను. బాత్రూం తలుపు వేసుకుని అద్దంలో నవ్వాను. పైన ముందు నాలుగూ చిగుళ్ల దగ్గర గోధుమరంగు, అందులో ఒకటి సగం విరిగింది. కుడివైపు మూడు లేవు. కింద వరస ఫర్వాలేదు, అయినా కింద వరస ఎవరు చూస్తారు.

మొత్తం ఇరవైమూడు ఉన్నాయి.

ఆగస్టు 22

లాండ్రీలో బెర్నిస్‌కి చెప్పాను. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దది, ఏదీ కడుపులో దాచుకోదు. 'ఫోటోకి నోరు మూసుకుని దిగవే, జైలు ఫోటోలో అందరూ అలాగే దిగుతారు' అంది. నవ్వాను. నవ్వేటప్పుడు నా తల దానంతటదే పక్కకు తిరుగుతుంది. ఎప్పటి నుంచి తిరుగుతోందో కూడా నాకు తెలుసు.

మా లోయ పైన బొగ్గు కోసం కొండ తవ్వినప్పటి నుంచి బావి నీళ్లు నారింజరంగులో వచ్చేవి. వాటితో ఉతికితే తెల్ల బట్టలు తుప్పు పట్టినట్టయ్యేవి. తాగడానికి మాకు సీసాల్లో వచ్చే తీపి సోడాయే. పాలకంటే చవక, పాడవదు, దుకాణంలో ఎప్పుడూ దొరుకుతుంది. నా పాలసీసాలోనూ అదే పోసేదాన్నని అమ్మే చెబుతుంది. నోట్లో సీసా పెట్టుకుని నిద్రపోయేదాన్నట, అల్లరే ఉండేది కాదట. ఇది అమ్మను తప్పు పట్టడానికి రాయడం లేదు. ఆ నీళ్లు తాగిన పిల్లలకు పుండ్లు లేచేవి, మాకు లేవలేదు.

ఆరో తరగతిలో ఫోటోలు తీసేవాడు నన్ను నవ్వమన్నాడు. నవ్వాను. సరే పాపా, నోరు మూసే దిగు అన్నాడు. అంతే, ఆ తర్వాత ఎవరూ నాకు చెప్పాల్సిన పని లేకపోయింది. టీచరు లేచి చదవమంటే తలనొప్పి అనేదాన్ని. రెండేళ్లకు నేను మాట్లాడని పిల్లనని అందరూ తేల్చుకున్నారు. మాట్లాడని పిల్లకు తెలివి ఉండదని కూడా తేల్చి వెనక బెంచీలో వేశారు. పదహారేళ్లకు దవడ వాచి మూడు వారాలు ఇంట్లో ఉన్నాను. నాలుగో వారం బడికి వెళ్లడానికి నాకు కారణం కనబడలేదు.

ఫోన్లో అవతలివాళ్లకు పళ్లు కనబడవు. అందుకేనేమో అందులో బాగా మాట్లాడతాను. ఇన్నేళ్లూ దాచిందంతా అందులో పోస్తాను.

ఆగస్టు 25, ఆదివారం

అమ్మ ఇంట్లో బీన్సు, మొక్కజొన్న రొట్టె. ఉద్యోగం సంగతి చెప్పాను, పళ్ల సంగతీ చెప్పాను. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

'తీయించెయ్యవే రొవీనా. ఒక్కరోజు నొప్పి, జన్మంతా సుఖం. నన్ను చూడు, నలభై రెండేళ్లయింది, ఒక్కనాడు పన్ను నొప్పి అన్నానా?'

అమ్మ పళ్ల కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. పంతొమ్మిదో ఏట, పెళ్లికి వారం ముందు, తాతయ్య తన ట్రక్కులో టౌనుకు తీసుకెళ్లి అన్నీ తీయించి కొత్త సెట్టు కట్టించాడు. పెళ్లి కానుక. పొద్దున తీశారు, మధ్యాహ్నానికి పెట్టేశారు. మా లోయలో ఆ రోజుల్లో అది మర్యాద. పిల్లను పంపేముందు పళ్ల బాధ పుట్టింట్లోనే వదిలించి పంపాలి, మొగుడి నెత్తిన పెట్టకూడదు. పెళ్లి ఫోటోలో అమ్మ పళ్లు పింగాణీ పళ్లెంలా మెరుస్తాయి. చిన్నప్పుడు నేనూ టౌనుకు ట్రక్కులో వెళ్లే రోజు కోసం చూసేదాన్ని. నా పెళ్లి నాటికి తాతయ్య లేడు. టెస్సా నాన్న కూడా ఆ పెళ్లిలో ఎక్కువ కాలం లేడు.

సెప్టెంబరు 7న పక్క కౌంటీ బడిలో ఉచిత పళ్ల శిబిరం. పొద్దున్నే వెళ్లినవాళ్లకు నంబర్లిస్తారు.

ఆగస్టు 29

శిబిరానికే వెళ్తాను. ఉద్యోగం కోసం కాదు. ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు చేయించాల్సిందే.

సెప్టెంబరు 7, శనివారం

చెయ్యి సరిగా ఆడటం లేదు, అయినా రాస్తాను.

నా నంబరు రెండువందల పన్నెండు. బాస్కెట్‌బాల్ ఆడే హాలులో కుర్చీలు వరసలుగా వేశారు, ఒక్కో కుర్చీకీ ఒక దీపం. అందరూ మనవాళ్లే, గోడ మీద రాసిన పిల్లల స్కోర్లు చూస్తూ నోళ్లు తెరుచుకుని కూర్చున్నారు. నాకు ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. మర్యాదస్థుడే. చాలాసేపు చూశాడు. పదకొండు పళ్లు బాగానే ఉన్నాయట, ముందు నాలుగింటినీ కూడా నిలబెట్టవచ్చట. ఇవాళ రెండింటిలో సిమెంటు నింపుతానన్నాడు. మిగతావాటికి నగరంలోని పళ్ల కాలేజీకి ఆరుసార్లు రావాలన్నాడు, క్రిస్మస్‌కి అయిపోతుందన్నాడు.

ఆరుసార్లంటే ఆరు రోజుల సెలవు. ఒక్కోసారి పోను మూడు గంటలు, రాను మూడు గంటలు, నా కారుతో. నాకు అక్టోబరు ఒకటికి కావాలని చెప్పాను. అక్టోబరు ఒకటికి అయితే ఏమీ చేయలేమన్నాడు. అన్నీ తీసేయమన్నాను.

'మీకు ముప్పై నాలుగేళ్లేనండీ. తీసేస్తే మళ్లీ రావు.'

'మా అమ్మ పంతొమ్మిదేళ్లకే తీయించుకుంది' అన్నాను.

అప్పుడు చూశాడు నా వైపు. ఆ చూపు నాకు తెలుసు. మా లోయ పేరు చెప్పినప్పుడు టౌను వాళ్లు చూసే చూపు, కోపం కాదు, జాలి. అమ్మ పెళ్లి కానుక మీద జాలిపడ్డాడు. అలా చూడకపోయి ఉంటే నేను ఇంకొంచెం ఆలోచించేదాన్నేమో. కాగితం తెమ్మన్నాను. సంతకం పెట్టేటప్పుడు చిగుళ్లు మానడం గురించి, కట్టుడు పళ్లకు ఇన్ని వారాలు పడుతుందని ఏదో చెప్పాడు. డాక్టర్లు ఎప్పుడూ ఒకటికి రెండు చెబుతారు.

ఇరవైమూడూ తీశారు. నొప్పి తెలియలేదు, చప్పుడు తెలిసింది.

సెప్టెంబరు 8

రక్తం. దిండు పాడైంది. అమ్మ సూపు తెచ్చి మంచిపని చేశావంది.

సెప్టెంబరు 10

పళ్ల కాలేజీకి ఫోన్ చేశాను. నేను చెప్పేది అవతలి అమ్మాయికి అర్థం కాలేదు. నాలుగోసారి పేరు అడిగినప్పుడు టెస్సా నా చేతిలోంచి ఫోన్ తీసుకుని తనే మాట్లాడింది. 'మా అమ్మ రొవీనా స్లోన్ అండీ. పళ్లు లేవండీ, అందుకు' అంది. పదేళ్ల పిల్ల, ఎంత పద్ధతిగా మాట్లాడిందో.

కొలతలకు నవంబరు 5 ఇచ్చారు. అంతకుముందు చిగుళ్లు గట్టిపడవట.

అమ్మకు మధ్యాహ్నానికే పెట్టారు కదా అని టెస్సా చేత అడిగించాను. ఇప్పుడు కూడా అలా పెట్టేవాళ్లు ఉన్నారట, ముందే కొలతలు తీసి సెట్టు తయారుచేసుకోవాలట. ఉచిత శిబిరాల్లో అది చేయరట. తాతయ్య అమ్మను ముందు కొలతలకు కూడా తీసుకెళ్లి ఉంటాడన్నమాట. ఆ ముక్క కథలో ఎప్పుడూ లేదు.

సెప్టెంబరు 11

కంపెనీ ఆవిడ రావడానికి ఇంకా పదమూడు రోజులుంది. సాధన చేస్తే మాట వస్తుంది.

సెప్టెంబరు 13

బెర్నిస్ నా నోరు చూసింది. పళ్లూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేంలే అని సబ్బు డబ్బా నా వైపు తోసింది. నాకు నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి.

మిసెస్ వాట్లీకి ఇంకా చెప్పలేదు. కిందికి రాలేదావిడ. నేను పైకి వెళ్లలేదు.

సెప్టెంబరు 15, ఆదివారం

ముందు గది అమ్మాయి రాలేదు. నన్నే పిలిచారు. వద్దని చెప్పవచ్చు, చెప్పలేదు. కారులో వస్తూ దారి పొడుగునా 'నమస్కారం, చెప్పండి, ఎవరికి ఇమ్మంటారు' అంటూనే ఉన్నాను. నాకు బాగానే వినబడింది.

మొదటి రెండు ఫోన్లూ ఫర్వాలేదు, వాళ్లే ఎక్కువ మాట్లాడారు. మూడోది లూయీవిల్ ఆవిడ. నేను మామూలుగానే మొదలుపెట్టాను, మీ నాన్నగారు పొద్దున గుడ్లు తిన్నారు, కిటికీ దగ్గర కూర్చున్నారు అని. ఆవిడ చాలా మెల్లగా, చాలా ప్రేమగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

'మామ్మగారూ, ఫోన్ అక్కడ పనిచేసేవాళ్లకి ఇస్తారామ్మా? మీరు గదికి వెళ్లి పడుకోండి.'

ఆశ్రమంలో ఉండే ముసలావిడ ఎవరో ఫోన్ ఎత్తిందనుకుంది. ఫోన్ బల్ల మీద పెట్టాను. అటువైపు ఎవరో వస్తారని ఆవిడ కాసేపు చూసి పెట్టేసింది.

సెప్టెంబరు 16

ఫోన్ లైను బాగుండదు ఆదివారాలు.

సెప్టెంబరు 24, మంగళవారం

కంపెనీ ఆవిడ వచ్చింది. లెక్సింగ్టన్ మనిషి, బూడిదరంగు కోటు. మిసెస్ వాట్లీ నన్ను గదిలోకి పిలిచి తలెత్తి చూసింది. ఆవిడ ముఖం మారింది. కంపెనీ ఆవిడ నాలుగు ప్రశ్నలడిగింది. నాలుగింటికీ జవాబు చెప్పాను, పదాలు ఎంచుకుని మరీ. 'స' ఉన్న మాటలు వదిలేశాను, 'ఫ' ఉన్నవి వదిలేశాను. అవి లేకుండా మాట్లాడితే బుద్ధి మందగించినదానిలా ఉంటుందని మధ్యలో నాకే తెలిసింది, కానీ అప్పటికి సగం దూరం వచ్చేశాను. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుని, చాలా సంతోషం అని లేచి వెళ్లిపోయింది.

మిసెస్ వాట్లీ తలుపు మూసింది. ఎవరు తీయించుకోమన్నారని అడిగింది. ఫోటో అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. గోడవైపు చూపించాను.

'రొవీనా, పదకొండేళ్లుగా నీ పళ్లు చూస్తున్నానమ్మా నేను. తెలిసే కదా నిన్ను అడిగింది. నాకు కావలసింది నీ మాట.'

నిజంగా అన్నదో, ఇప్పుడు అనడం తేలిక కాబట్టి అన్నదో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా ఇప్పుడు లేదు. పళ్లు కట్టించుకునేదాకా ఆగమన్నాను, డిసెంబరు దాకా. అంతవరకు ఆ కుర్చీ ఖాళీగా ఉంచరట. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు తిరగలేదు. ఆవిడ ఏడుస్తుంటే నేనూ ఏడిస్తే బాగుండదు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. అమ్మ పదిసార్లు చెప్పే సామెత ఇది, పక్కవాళ్ల మీద.

సెప్టెంబరు 30

కొత్తమ్మాయి పేరు షానన్. ఇరవై రెండేళ్లు. తీగ వేసి సరిచేయించిన పళ్లు. మంచిపిల్లే. ఫోన్లో ఏం మాట్లాడాలో తెలియడం లేదట, కాస్త నేర్పమని మిసెస్ వాట్లీ అడిగింది. నోటితో నేర్పలేను కాబట్టి కాగితం మీద రాసిచ్చాను. ముందు వాళ్ల పేరు పలకాలి, తర్వాత పెద్దాయన తిన్నదేమిటో చెప్పాలి, చెప్పడానికి ఏమీ లేకపోతే కిటికీ గురించి చెప్పాలి. రెండు పేజీలైంది. షానన్ గడగడా చదివేసింది.

అక్టోబరు 9

టెస్సా దుకాణంలో, పోస్టాఫీసులో నా బదులు మాట్లాడుతోంది. నేను నోరు తెరవగానే మాట అందుకుంటుంది. నేనేం చెప్పబోతున్నానో దానికి ముందే తెలుసు. పిల్లకు ధైర్యం వస్తోంది, మంచిదే.

అక్టోబరు 10

మంచిదేం కాదు.

అక్టోబరు 21

మెత్తగా ఉడికిన బంగాళాదుంపలు. ఆరు వారాలుగా అవే.

నవంబరు 3, ఆదివారం

అమ్మను అడిగాను. ఎన్ని పాడయ్యాయి అప్పుడు నీవి అని. అమ్మ పళ్లేలు కడుగుతోంది. మూడుసార్లు అడగాల్సి వచ్చింది. రెండోసారి అర్థమై కూడా అర్థం కానట్టు ఊరుకుందని నాకు తెలుసు.

నాలుగు అంది.

మిగతావి?

'మిగతావి బాగానే ఉన్నాయి. మా నాన్న డబ్బు కట్టేశాడు, పెళ్లి వారంలో ఉంది, అన్నీ తీయడం బేరం. వద్దని అంటే ఎవరు వింటారు? వెళ్లేటప్పుడు ట్రక్కులో ఏడ్చాను. వచ్చేటప్పుడు ఏడవడానికి నోరు లేదు.'

కానుక అని ఎందుకు చెప్పావు మరి, ఇన్నేళ్లూ చెప్పావుగా అన్నాను. నా గొంతు లేచింది, లేచినకొద్దీ మాట ఇంకా పాడైంది. అమ్మ తడి చేతులు తుడుచుకుంది.

'ఏం చెప్పమంటావే? కానుక అనుకుంటేనే వాటితో అన్నం తినగలిగాను.'

నేను కారెక్కి వచ్చేశాను. అమ్మ మీద కోపంగా ఉంది. తాతయ్య మీద ఉంది. ఆ కుర్ర డాక్టరు చూపు మీద ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు ఈ కోపాన్ని. ఎవరిని పట్టుకున్నా వాళ్లు ఇంకొకరి వైపు చూపిస్తారు.

నవంబరు 5

కొలతలు తీశారు. మైనం రుచి. టెస్సా మళ్లీ బడి మానింది, అక్కడ మాట్లాడటానికి.

నవంబరు 26

పళ్లు వచ్చాయి. అద్దంలో అచ్చం అమ్మ పెళ్లి ఫోటో. లాండ్రీలో బెర్నిస్ అందరినీ పిలిచి చూపించింది. మిసెస్ వాట్లీ కిందికి దిగొచ్చి ఎంత బాగున్నావో అంది. మాట మాత్రం రాలేదు. పై సెట్టు నిలుస్తుంది, కింది సెట్టు మాట్లాడితే లేస్తుంది. అలవాటు కావాలట, కొందరికి కాదట. కింది దవడలో ఎముక తక్కువగా ఉంది నాకు. ముందు గదిలో షానన్ ఫోన్లో ఎవరికో కిటికీ గురించి చెబుతుంటే మెట్ల మీద ఆగి విన్నాను. బాగా చెబుతోంది.

డిసెంబరు 2, సోమవారం

పొద్దున బడి బస్సు వచ్చేముందు బాత్రూంలోకి వెళ్లాను. టెస్సా బ్రష్షు పొడిగా ఉంది. వేలితో రుద్ది చూశాను, ఎండిపోయి గట్టిగా ఉంది, చాలా రోజులదే. బయటికొచ్చి దానికి చూపించాను. వంగి బూట్లు కట్టుకుంటోంది. తల ఎత్తలేదు. దొరికిపోయినట్టు కూడా లేదు.

'ఇంకెందుకమ్మా? ఎలాగూ తీయించేస్తారుగా' అంది.

ఎవరు చెప్పారని అడిగాను. ఆ మాట దానికి వెంటనే అర్థమైంది. ఎవరూ చెప్పలేదంది. అమ్మమ్మవి తీశారు, నీవి తీశారు, నాకు పెద్దయ్యాక తీస్తారు, అంతేగా అంది. బాధగా అనలేదు. రేపు మంగళవారం అన్నట్టు అంది. ఇంకో బూటు కూడా కట్టుకుంది.

నీ పళ్లు ఎవ్వరూ తీయరు అన్నాను.

'ఏంటమ్మా?'

మళ్లీ చెప్పాను. కింది సెట్టు లేచి మాట సగంలో పోయింది. దుకాణంలో నేను నోరు తెరవకముందే మాట అందుకునే పిల్ల, పళ్ల కాలేజీలో డాక్టరుకు నా నొప్పి ఎక్కడో నాకంటే ముందే చూపించిన పిల్ల, ఈ ఒక్క మాట ఊహించలేక నా నోటివైపు చూస్తోంది. బయట బస్సు హారన్ కొట్టింది. నేను పళ్లు తీసి బల్ల మీద పెట్టాను. దాని రెండు చెంపలూ పట్టుకుని, ఖాళీ నోటితో, ఒక్కో మాటా విడదీసి మూడోసారి చెప్పాను.

సరే అమ్మా అంది. సంచీ భుజాన వేసుకుని పరిగెత్తింది. విన్నది. నమ్మిందో లేదో నాకు తెలియదు.